500 డాలర్లలో మొదటి పిస్టల్: రాత్రి స్టోర్ మూసి ఇంటికి వచ్చేవాడికి ఏది సరిపోతుంది?

గోదారి గట్టు (మెస్కీట్, టెక్సస్)

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన మెస్కీట్‌లో ఉంటాం. గ్రీన్‌కార్డ్ వచ్చి ఏడాదిన్నర అయింది. మా బావమరిదితో కలిసి చిన్న గ్యాస్ స్టేషన్, స్టోర్ నడుపుతున్నాను. వారంలో నాలుగు రాత్రులు పదకొండున్నరకు నేనే తాళం వేసి, ఆ రోజు క్యాష్ పట్టుకొని కారు దాకా నడవాలి. వెనక పార్కింగ్‌లో ఒక్కటే లైటు. పోయిన నెల మా రోడ్డు మీదే ఇంకో స్టోర్‌లో దోపిడీ జరిగింది. కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి తల పగిలింది. అప్పటి నుంచి నేను ఇల్లు చేరేదాకా మా ఆవిడ నిద్రపోవడం లేదు.

ఒక పిస్టల్ కొని చొక్కా కింద పెట్టుకుందామని ఆలోచన. అన్నీ కలిపి 500 డాలర్లు పెట్టగలను. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో ఐదు రౌండ్లు కాల్చాను. నా అనుభవం అంతే. షాపుకు వెళ్తే కౌంటర్‌లో అతను అరగంటలో ఎనిమిది పిస్టళ్ళు చూపించాడు, అన్నీ మంచివే అన్నాడు. అవసరమైతే మా ఆవిడ కూడా వాడగలిగేలా ఉండాలి, తనకూ గ్రీన్‌కార్డ్ ఉంది. పిల్లలు ఇద్దరు, తొమ్మిదేళ్ళు, ఐదేళ్ళు. వేసవిలో అమ్మానాన్న విజిట్ మీద వస్తున్నారు. చిన్నదా, పెద్దదా? రివాల్వరా, పిస్టలా? లైసెన్స్ తప్పనిసరా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్లేనో వాసి

గట్టు గారూ, గ్రీన్‌కార్డ్ ఉందని ముందే చెప్పి మంచి పని చేశారు. ఇది చదివే మనవాళ్ళలో చాలామంది హెచ్1బీ మీద, ఎఫ్1 మీద ఉంటారు కాబట్టి మొదట ఆ సంగతే రాస్తాను.

నాన్ ఇమిగ్రెంట్ వీసా (చదువు, ఉద్యోగం, విజిట్ లాంటి తాత్కాలిక వీసా) మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం మాత్రమే కాదు, దగ్గర ఉంచుకోవడమే నేరం. టెక్సస్‌లో ఎంత స్వేచ్ఛ ఉన్నా ఈ విషయంలో పనికిరాదు. గ్రీన్‌కార్డ్ వాళ్ళకు, పౌరులకు ఆ అడ్డు లేదు. షాపులో 4473 అనే ఫారం నింపాలి. అందులో గ్రీన్‌కార్డ్ మీదున్న మీ యూఎస్‌సీఐఎస్ నంబర్ రాస్తారు, మీకు కొనే అర్హత ఉందో లేదో వాళ్ళు ఎఫ్‌బీఐ ద్వారా సరిచూస్తారు. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇప్పటి అడ్రస్ ఉందో లేదో చూసుకోండి. ఇల్లు మారి లైసెన్స్ మార్చుకోకపోతే అక్కడే ఆగిపోతుంది.

రెండో ప్రశ్న. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా నిషేధం ఏదీ లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకొని తిరగవచ్చు. అయినా ఎల్‌టీసీ (గన్ పెట్టుకొని తిరిగే టెక్సస్ లైసెన్స్) తీసుకోండి. ఫీజు 40 డాలర్లు. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, చిన్న షూటింగ్ పరీక్ష. ఆ కార్డు ఉంటే చాలా ఇతర రాష్ట్రాల్లో చెల్లుతుంది. క్లాసులో ఎక్కడ పెట్టుకోకూడదో చెప్తారు, అది ఇంకా ముఖ్యం. 51 శాతం అని ఎర్ర అక్షరాల బోర్డు ఉన్న బార్లు, స్కూళ్ళు, కోర్టులు, పోలింగ్ కేంద్రాలు, గన్ దాచుకొని లోపలికి రావద్దని చెప్పే 30.06 బోర్డు ఉన్న చోట్లు. గుళ్ళలో కూడా కొన్ని చోట్ల ఆ బోర్డు ఉంటుంది, గుమ్మం దగ్గర చూసుకోవాలి.

డెంటన్ స్టూడెంట్

అన్నా, నేను ఎఫ్1 మీద ఉన్నా. మా రూమ్మేట్స్ షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి గన్ అద్దెకు తీసుకుని కాల్చి ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టారు. రేంజ్ వాళ్ళు ఏమీ అడగలేదట. అది కూడా తప్పేనా? హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే సరిపోతుందని సీనియర్లు అంటున్నారు.

ప్లేనో వాసి

తమ్ముడూ, రేంజ్‌లో అద్దె గన్ చేత పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. రేంజ్ వాళ్ళు అడగకపోయినంత మాత్రాన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. ఆ ఫొటోలు తీసేయమని చెప్పు, మళ్ళీ వెళ్ళవద్దని చెప్పు.

హంటింగ్ లైసెన్స్ మినహాయింపు నిజమే, చట్టంలో ఉంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే నిషేధం వర్తించదు. టెక్సస్ వేట లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న రెన్యూ చేయడం మర్చిపోయి గన్ గదిలో ఉంటే ఆ రోజు నుంచి ఫెడరల్ నేరం. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదొక్కటే చాలు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఆ అంచున నిలబడాల్సిన అవసరం ఏముంది?

2024 నవంబరులో అట్లాంటాలో మన తెలంగాణ కుర్రాడు పుట్టినరోజు నాడే వేట తుపాకీ శుభ్రం చేస్తూ, అది పేలి చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగలేదు.

ఇంకొకటి. గ్రీన్‌కార్డ్ ఉన్న అన్ననో బావనో పట్టుకొని, డబ్బులిచ్చి, వాళ్ళ పేరు మీద కొనిపించుకునేవాళ్ళు ఉన్నారు. దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022లో వచ్చిన చట్టంతో దానికి 15 ఏళ్ళ దాకా జైలు. ఎంత దగ్గరివాళ్ళు అడిగినా ఒప్పుకోవద్దు.

ఓరుగల్లు మాస్టర్ (ఫోర్ట్ వర్త్, ఇన్‌స్ట్రక్టర్)

గట్టు అన్నా, వారాంతాల్లో కొత్తవాళ్ళకు నేర్పిస్తుంటాను. అందరూ ఇదే మొదటి ప్రశ్న అడుగుతారు, ఏ గన్ అని. నేను ముందు లెక్క వేయిస్తాను.

మీ చేతిలో 500. అందులో 500 పెట్టి పిస్టల్ కొంటే మిగతావాటికి ఏమీ ఉండదు. టాక్సే 8.25 శాతం, అంటే 41 డాలర్లు అక్కడే పైన పడుతుంది. మంచి కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్, అంటే నడుముకు తగిలించుకునే గన్ తొడుగు, 50 నుంచి 70. గన్ బరువుకు ఒంగిపోని బెల్ట్ 40. పిల్లలున్న ఇంట్లో త్వరగా తెరుచుకునే చిన్న సేఫ్ 100 నుంచి 150. చెవులకు, కళ్ళకు రక్షణ 30. ప్రాక్టీస్ తూటాలు 9 ఎం.ఎం. సైజులో ఒక్కోటి పాతిక, ముప్ఫై సెంట్లు. మొదటి నెలలో 200 రౌండ్లు కాల్చాలి, అంటే 50, 60 డాలర్లు. రేంజ్ ఫీజు వేరే.

అన్నీ కూడితే పిస్టల్‌కు మిగిలేది 200 లోపే, దానికి సరైనది కొత్తది దొరకదు. కాబట్టి రెండే దారులు. ఒకటి, రెండు నెలలు ఆగి 750 చేయండి. రెండు, 300 లోపు పిస్టల్ కొని మిగతాది పైవాటికి పెట్టి, తూటాలు నెలనెలా కొనుక్కోండి. సేఫ్ లేకుండా గన్ ఇంటికి తేవద్దు. మొదట సేఫ్ కొనండి, అది ఇంట్లో బిగించిన తర్వాతే షాపుకు వెళ్ళండి.

ఇక పేర్లు. ఇవన్నీ 9 ఎం.ఎం.వే. 300 చుట్టుపక్కల టారస్ జి3సి, 12 రౌండ్లు పడతాయి, మాన్యువల్ సేఫ్టీ (పొరపాటున పేలకుండా చేత్తో వేసే మీట) ఉంటుంది. రూగర్ ఈసీ9ఎస్, 7 రౌండ్లు, సన్నగా ఉంటుంది. కానీ దాని సైట్లు (గురి చూసే గుర్తులు) స్లైడ్‌లోనే, అంటే పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగంలోనే చెక్కినవి, మార్చుకోలేరు. ఇంకొంచెం పైకి వెళ్తే స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ప్లస్. 10 రౌండ్లది, 13 రౌండ్లది రెండు మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బాలు) వస్తాయి, బరువు 570 గ్రాములు. సిగ్ పి365, గ్లాక్ 43ఎక్స్ కూడా ఆ కోవలోవే, ధర ఎక్కువ. గ్లాక్ 19 అందరికీ తెలిసిందే, 15 రౌండ్లు, నేర్చుకోవడానికి చాలా బాగుంటుంది, కానీ సన్నటి మనిషి టీషర్టు కింద దాచడం కష్టం.

నన్ను ఒక్కటి చెప్పమంటే, డబ్బు కుదిరితే షీల్డ్ ప్లస్, కుదరకపోతే జి3సి. కానీ చేత్తో పట్టుకొని కాల్చకుండా ఏదీ కొనవద్దు. మీ రేంజ్‌లో అద్దెకు ఇస్తారు. ఒక్కోదానితో 50 రౌండ్లు కాల్చండి.

పల్నాటి పాండు

మాస్టర్ గారూ, చిన్నది ఎందుకు చెప్పలేదు? నా దగ్గర రూగర్ ఎల్‌సీపీ ఉంది. .380, అంటే 9 ఎం.ఎం. కంటే పొట్టి తూటా. గన్ ఖాళీగా 270 గ్రాములు. ప్యాంటు జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. పెద్ద గన్ కొన్నవాళ్ళందరూ నెల తర్వాత బరువని ఇంట్లో పెట్టేస్తారు. ఇంట్లో ఉన్న గ్లాక్ కంటే జేబులో ఉన్న ఎల్‌సీపీ మేలు కదా. ధర కూడా 250 లోపే.

ఓరుగల్లు మాస్టర్

పాండు గారూ, మీకది సరే. మీరు ఏళ్ళుగా కాలుస్తున్నారు. కొత్తవాళ్ళ సంగతి వేరు.

గన్ ఎంత చిన్నదైతే చేతిని అంత గట్టిగా తన్నుతుంది. పట్టుకోవడానికి చిటికెన వేలుకు చోటుండదు, సైట్లు కంటికి ఆనవు. మొదటి రోజు పది రౌండ్లకే చెయ్యి నొప్పి పుట్టి, తర్వాత ట్రిగ్గర్ లాగేముందే చెయ్యి బిగుసుకుపోవడం మొదలవుతుంది. ఆ అలవాటు పోగొట్టడానికి నాకు నెలలు పడుతుంది. ప్రాక్టీస్ బాధగా ఉంటే మనిషి ప్రాక్టీస్ మానేస్తాడు.

తూటా సంగతి కూడా చూడాలి. ఎఫ్‌బీఐ పరీక్షలో తూటా, మనిషి ఒంటికి బదులు పెట్టే జెలటిన్ దిమ్మలోకి 12 నుంచి 18 అంగుళాలు వెళ్ళాలి. .380లో చాలా హాలో పాయింట్లకు (తగిలాక విచ్చుకునే తూటాలకు) అక్కడే ఇబ్బంది. విచ్చుకుంటే లోతు చాలదు, లోతుకు వెళ్తే విచ్చుకోదు. పైగా .380 తూటా 9 ఎం.ఎం. కంటే ఖరీదు. గన్ మీద మిగిలిన 50 డాలర్లు తూటాల్లో పోతాయి.

జేబులో పెట్టుకునేవాళ్ళు ఎవరైనా సరే, జేబు హోల్‌స్టర్ లేకుండా పెట్టవద్దు. అదే జేబులో తాళాలు, చిల్లర ఉండకూడదు. ట్రిగ్గర్ గార్డులోకి తాళంచెవి దూరితే చాలు.

హ్యూస్టన్ నైట్ డ్యూటీ

నేను నర్సుని. గట్టు అన్నయ్యా, మీ ఆవిడ కూడా వాడాలన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆవిడని తీసుకెళ్ళకుండా మీరొక్కరే కొనవద్దు.

మా ఆయన నాలుగేళ్ళ కిందట నాకోసం చిన్న 9 ఎం.ఎం. తెచ్చారు, సర్‌ప్రైజ్‌గా. నాకు దాని స్లైడ్ వెనక్కి లాగడమే రాలేదు. మూడు నెలలు సేఫ్‌లోనే ఉండిపోయింది. తర్వాత రేంజ్‌లో ఒకావిడ చూపించారు, చేతులు చాచి స్లైడ్‌ను వేళ్ళతో లాగకూడదు, గన్‌ని ఛాతీ దగ్గరకు తెచ్చుకొని, స్లైడ్‌ని అరచేత్తో గట్టిగా పట్టుకొని, మరో చేత్తో గన్‌ని ముందుకు తోయాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. దాంతో చాలావరకు వచ్చేసింది. అయినా చివరికి షీల్డ్ ఈజీకి మారాను. స్లైడ్ తేలిగ్గా వస్తుంది, మ్యాగజైన్ నింపడం కూడా సులభం. .380లో, 9 ఎం.ఎం.లో రెండింట్లో ఉంది, 8 రౌండ్లు. వేళ్ళలో పట్టు తక్కువున్నవాళ్ళకు, కీళ్ళ నొప్పులున్నవాళ్ళకు బాగా పనికొస్తుంది.

రివాల్వర్ ఆడవాళ్ళకు సులభం అని షాపుల్లో చెప్తారు. నమ్మవద్దు. అంత తేలికైన .38 రివాల్వర్ నేను కాల్చినవాటన్నిటిలోకీ గట్టిగా తన్నింది. ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, ఐదే రౌండ్లు.

బట్టల సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తాను. జీన్స్ వేసుకున్నప్పుడు బెల్ట్ ఉంటుంది, సరే. చుడీదార్‌కి బెల్ట్ ఎక్కడిది? ట్రిగ్గర్‌ని గట్టి ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా కప్పే బెల్లీ బ్యాండ్ (నడుముకు చుట్టుకునే పట్టీ) దొరుకుతుంది, అది కొనుక్కున్నాను. ఒట్టి గుడ్డ బ్యాండ్ అయితే ట్రిగ్గర్ గుడ్డలోంచే నొక్కుకుపోతుంది. చీర కట్టిన రోజు నేను గన్ పెట్టుకోను. హ్యాండ్‌బ్యాగ్‌లో మాత్రం ఎప్పుడూ వద్దు. షాపింగ్ కార్ట్‌లో బ్యాగ్ పెట్టి అటు తిరుగుతాం, పక్కనే పిల్లలు కూర్చొని ఉంటారు. బ్యాగ్ లాక్కుపోతే గన్ కూడా పోయినట్టే.

మా హాస్పిటల్లో తీసుకురాకూడదు, పార్కింగ్‌లో కారులో బోల్ట్ చేసిన చిన్న సేఫ్ ఉంది. డ్యాష్‌బోర్డ్ అరలో పెట్టి పోయేవాళ్ళ గన్‌లే ఎక్కువగా దొంగలపాలవుతాయి.

అనంత సీమ (ఆస్టిన్)

డబ్బు తక్కువైతే పాత పోలీస్ గన్‌లు చూడండి. డిపార్ట్‌మెంట్లు మార్చేసినవి షాపులకు వస్తాయి. గ్లాక్ 22, గ్లాక్ 23 లాంటి .40 క్యాలిబర్‌వి తక్కువకే వస్తాయి.

దానికి కారణం ఉంది. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయాక పెద్ద తూటా కావాలని 10 ఎం.ఎం.కు, తర్వాత .40కు వెళ్ళారు. తూటాల తయారీ మెరుగయ్యాక 9 ఎం.ఎం. చాలని మళ్ళీ వెనక్కి వచ్చారు. వాళ్ళ వెంట పోలీసులూ వచ్చారు. అందుకే .40లు గుట్టలుగా మిగిలిపోయాయి. పైన పూత గీసుకుపోయి ఉంటుంది, హోల్‌స్టర్ రాపిడి అది. లోపల మాత్రం చాలావాటికి అరుగుదల తక్కువ. పోలీసులు ఎక్కువ మోస్తారు, తక్కువ కాలుస్తారు.

కానీ .40 గట్టిగా తన్నుతుంది, తూటా ఖరీదు. మొదటి గన్‌గా వద్దు. అదే పాత 9 ఎం.ఎం. గ్లాక్ 19 మంచి ధరకు దొరికితే కళ్ళు మూసుకొని తీసుకోండి. ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర పార్కింగ్ లాట్‌లో కొనవద్దు. షాపులోంచే కొనండి, కాగితం ఉంటుంది.

నెల్లూరు అన్న (పదహారేళ్ళుగా స్టోర్లు)

తమ్ముడూ గట్టూ, గన్ గురించి అందరూ చెప్పారు. నేను ఆ పార్కింగ్ గురించి చెప్తాను.

నన్ను రెండుసార్లు దోచుకున్నారు. మొదటిసారి నా దగ్గర గన్ ఉంది, నడుము దగ్గరే. వాడు లోపలికి వచ్చేటప్పటికే గన్ చేతిలో ఉంది, నా ఛాతీకి నాలుగడుగుల దూరంలో. నేను చెయ్యి కదిపి ఉంటే ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు. గల్లాపెట్టె తెరిచి, ఉన్న 340 డాలర్లు ఇచ్చేశాను. వెళ్ళిపోయాడు. ఎదుటివాడు ముందే గురిపెట్టి ఉంటే నీ నడుములో ఉన్నది నీకు అందదు. డబ్బు కోసం వచ్చినవాడికి డబ్బు ఇచ్చెయ్యి. పారిపోయేవాడి వెంట పడవద్దు. నీ ప్రాణం మీదికో, పక్కనున్నవాళ్ళ ప్రాణం మీదికో వచ్చి, ఇంకో దారి లేనప్పటి కోసమే అది.

రెండోసారి జరిగాక నేను చేసినవి చెప్తాను. వెనక తలుపు వైపు మూడు ఎల్ఈడీ లైట్లు పెట్టించాను. మనిషి వస్తేనే వెలిగేవి కాదు, రాత్రంతా వెలిగేవి. నేల మీద బోల్ట్ చేసిన డ్రాప్ సేఫ్ (తెరవకుండానే సందులోంచి డబ్బు వేసేది) పెట్టాను, సాయంత్రం నుంచి ప్రతి 100 డాలర్లు అందులోకే. రాత్రి క్యాష్ బయటికి తీసుకెళ్ళడం మానేశాను. మర్నాడు పదకొండు గంటలకు, రోజుకో వేళ మార్చి, బ్యాంకుకు వెళ్తాను. కారు స్టోర్ వెనక కాదు, ముందు తలుపు ఎదురుగా, పంపుల లైట్ల కింద పెడతాను. మూసేటప్పుడు ఇద్దరం ఉంటాం. సాధ్యం కాని రోజు ఒక గంట ముందే మూసేస్తాం, ఆ గంటలో వచ్చే 80 డాలర్ల అమ్మకం నాకు అక్కర్లేదు.

నువ్వు రాత్రి చేతిలో బ్యాంక్ సంచి పట్టుకొని ఒక్కడివే చీకట్లో నడుస్తున్నావు. ముందు ఆ సంచి మానెయ్యి. నీ 500లో మొదటి 150 లైట్లకు పెట్టు.

గన్ వద్దని అనడం లేదు. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గోదారి గట్టు

నెల్లూరు అన్నా, మీ పోస్టు మా ఆవిడకు, బావమరిదికి చదివి వినిపించాను. రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తున్నాం. క్యాష్ రాత్రిపూట బయటికి తేవడం ఇవాళ్టి నుంచే ఆపేశాం. చాలా థాంక్స్ అన్నా.

ఎడిసన్ బాబాయ్

న్యూజెర్సీ నుంచి. మాకు ఇక్కడ కథే వేరు. కొనడానికి ముందే పర్మిట్ కావాలి, మ్యాగజైన్‌లో 10 రౌండ్లు దాటకూడదు. 2022లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు వచ్చాకే మామూలు మనుషులకు క్యారీ పర్మిట్ దొరకడం మొదలైంది, దాని ఫీజు 200 డాలర్లు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, టెక్సస్ ఎల్‌టీసీ మా దగ్గర చెల్లదు, న్యూయార్క్‌లో చెల్లదు, కాలిఫోర్నియాలో చెల్లదు. సెలవుల్లో చుట్టాల ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వస్తారు, కారులో గన్ ఉన్న సంగతే మర్చిపోతారు. రాష్ట్రం దాటేముందు ప్రతిసారీ చూసుకోండి బాబూ.

ఓరుగల్లు మాస్టర్

బాబాయ్ మాటకు ఇంకోటి కలుపుతాను. ఇండియా ప్రయాణం. రేంజ్‌కు వాడిన బ్యాగ్‌నే ఇండియాకు తీసుకెళ్ళవద్దు. అడుగున, జిప్ మడతలో ఒక్క తూటా ఉండిపోతుంది. ఇక్కడ ఎయిర్‌పోర్ట్‌లో తప్పించుకున్నా, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో స్కానర్‌కు దొరుకుతుంది. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా అక్కడ ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. పైగా 9 ఎం.ఎం. అక్కడ పౌరులకు నిషేధించిన బోరు (తూటా సైజు). రేంజ్ బ్యాగ్‌కు వేరే రంగుది కొనుక్కోండి, దాన్ని ఇంకెందుకూ వాడవద్దు.

హ్యూస్టన్ నైట్ డ్యూటీ

పిల్లల గురించి మళ్ళీ చెప్పాలనిపించింది. మన ఇళ్ళలో వారాంతం వస్తే పాట్‌లక్. పది కుటుంబాలు, ఇరవై మంది పిల్లలు. పెద్దవాళ్ళం కింద మాట్లాడుకుంటూ ఉంటాం, పిల్లలు పైన అన్ని గదుల్లో దాక్కునే ఆట ఆడతారు. బట్టల అలమరలో, మంచం కింద, మన చీరల వెనక. అక్కడే కదా అందరూ గన్ దాచేది! మీ పిల్లలకు ముట్టుకోవద్దని నేర్పుతారు, పక్కింటి పిల్లలకు ఎవరు నేర్పుతారు? టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి కాల్చగలిగే స్థితిలో గన్ అందితే, భద్రంగా పెట్టనందుకు యజమాని మీద కేసు. కేసు సంగతి తర్వాత, ఆ పసివాడి సంగతి తలచుకోండి. నడుము మీద లేని ప్రతి నిమిషం గన్ సేఫ్‌లో ఉండాలి. కోడ్ పిల్లల పుట్టినరోజు పెట్టవద్దు, తొమ్మిదేళ్ళవాడు మొదట నొక్కేది అదే.

ప్లేనో వాసి

గట్టు గారూ, మీ అమ్మానాన్న విజిట్ మీద వస్తున్నారన్నారు. బీ2 కూడా నాన్ ఇమిగ్రెంట్ వీసానే. వాళ్ళ చేతికి ఇవ్వకూడదు, సేఫ్ కోడ్ చెప్పకూడదు. మీరు పనిలో ఉండగా వాళ్ళు తెరవగలిగేలా ఉంటే అది వాళ్ళ దగ్గర ఉన్నట్టే లెక్క కట్టే వీలుంది. నాన్న సరదాగా చూస్తానంటే నచ్చజెప్పండి.

గోదారి గట్టు (ఏడు వారాల తర్వాత)

అందరికీ జరిగింది చెప్పాలి.

మాస్టర్ గారు చెప్పినట్టు ముందు సేఫ్ కొన్నాను, 129 డాలర్లు. మంచం పక్కన గోడ స్టడ్‌కు నాలుగు బోల్టులతో బిగించాను. తర్వాత ఇద్దరం రేంజ్‌కు వెళ్ళాం, ఒక గంట ఇన్‌స్ట్రక్టర్‌ని పెట్టుకున్నాం. ఆయన తుపాకీ చేతికి ఇచ్చేముందు నాలుగు నియమాలు మా చేత తెలుగులో రాయించారు, ఆయనకు తెలుగు రాకపోయినా. ప్రతి గన్‌లోనూ తూటా ఉన్నట్టే చూడాలి. నాశనం చేయదలచుకోని దేని వైపూ గొట్టం తిప్పకూడదు. సైట్లు టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. ఆ కాగితం సేఫ్ తలుపు లోపల అంటించాను.

నాలుగు పిస్టళ్ళతో కాల్చాం. గ్లాక్ 19తో నా తూటాలన్నీ ఒక అరచేతి వెడల్పులో పడ్డాయి, కానీ చొక్కా కింద ముద్దలా కనబడింది. పాండు గారు చెప్పిన చిన్నదానితో నావి కాగితమంతా చెల్లాచెదురయ్యాయి, ఆవిడ రెండు రౌండ్లకే చాలంది. జి3సి బాగానే కుదిరింది, దాని ట్రిగ్గర్ లాగాల్సిన దూరం నాకు కొంచెం ఎక్కువనిపించింది. షీల్డ్ ప్లస్ ఇద్దరి చేతుల్లోనూ బాగా కూర్చుంది. ఆవిడ నైట్ డ్యూటీ గారు చెప్పిన పద్ధతిలో స్లైడ్ లాగితే మూడోసారికే వచ్చింది.

నెల రోజులు ఆగి మాన్యువల్ సేఫ్టీ ఉన్న షీల్డ్ ప్లస్ కొన్నాం. సేల్‌లో టాక్స్‌తో 430. హోల్‌స్టర్ 60, బెల్ట్ 38. సేఫ్ కలిపి 657, తూటాలు వేరే. 500 అనుకున్నది దాటింది, కానీ దేనికి దాటిందో తెలిసి దాటింది. ఎల్‌టీసీ క్లాసు కూడా అయింది. 50 రౌండ్లు, 3, 7, 15 గజాల నుంచి. 250కి 175 వస్తే పాస్. నాకు 231, ఆవిడకు 238.

ఒక సందేహం మిగిలింది. చాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా పేలడానికి సిద్ధంగా కూర్చునే చోట, తూటా వేసుకొని తిరగాలంటే భయంగా ఉంది. ఖాళీగా పెట్టుకుంటే తప్పా?

అనంత సీమ

భయం మంచిదే. కానీ అవసరమైన క్షణంలో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయన్న నమ్మకం లేదు. ఒక చెయ్యి ఎదుటివాణ్ణి ఆపుతూ ఉండవచ్చు. చాంబర్‌లో ఉండాలనేది నా అభిప్రాయం.

ఓరుగల్లు మాస్టర్

సీమ గారు చెప్పింది నిజం, కానీ అక్కడికి మెల్లగా చేరండి. ఇంట్లో, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, చాంబర్ రెండుసార్లు చూసి, వేలు పెట్టి తడిమి, ఖాళీ గన్‌ని హోల్‌స్టర్‌లో పెట్టుకొని వారం రోజులు ఇంట్లో తిరగండి. ట్రిగ్గర్ దానంతట అది ఎప్పుడూ నొక్కుకుపోలేదని మీ కళ్ళతో మీరే చూస్తారు. రోజుకు పది నిమిషాలు గన్ తీయడం, గురి చూడడం, మళ్ళీ పెట్టడం. తీయడం వేగంగా నేర్చుకోవచ్చు, తిరిగి పెట్టడం మాత్రం ఎప్పుడూ నిదానంగా, చొక్కా అంచు పక్కకు తీసి, కళ్ళతో చూస్తూ. ప్రమాదాలు ఎక్కువగా అక్కడే. చొక్కా గుడ్డ ట్రిగ్గర్ దగ్గర దూరుతుంది, మనిషి ఇంకా నొక్కుతాడు. పదే పదే హోల్‌స్టర్ లోంచి గన్ బయటికి తీయవద్దు. రాత్రి హోల్‌స్టర్‌తో సహా సేఫ్‌లో పెట్టండి.

మీకు ధైర్యం కుదిరేదాకా చాంబర్ ఖాళీగానే ఉండనీయండి, నేనేమీ తప్పు పట్టను. క్యారీ చేసే హాలో పాయింట్లు ఒక 50 అయినా మీ గన్‌లో కాల్చి, ఒక్కటీ ఇరుక్కోలేదని చూసుకున్నాకే వాటిని నమ్మండి.

గోదారి గట్టు

అలాగే మాస్టర్ గారూ. ఈ వారం నుంచే మొదలుపెడతాను. వెనక లైట్లు మూడూ వెలుగుతున్నాయి, రాత్రి మా ఆవిడ నా ఫోన్ రాకముందే పడుకుంటోంది. అమ్మానాన్న వచ్చే శనివారం దిగుతున్నారు. నిన్న సేఫ్ కోడ్ మార్చాను.